మామ్మ చుట్ట మానేసిన నెల

పిలిచినవాళ్ళు మంచివాళ్ళయితే కాదనడం కష్టం. బరంపురంలో నేను చదువుకున్న బడి నుంచి తెలుగు చెప్పే పంతులమ్మ ఒకామె, నా మనవరాలి ఈడుది, బస్సెక్కి ఇంత దూరం వచ్చి మా వరండాలో కూర్చుని, "ఈ నెలంతా పిల్లలకి పోటీలు పెట్టామండీ. ఆఖరి రోజున బహుమతులు మీ చేతులమీదుగా ఇప్పించాలని అందరి కోరికా" అంది. వయసు మీద పడిందన్నాను. మోకాళ్ళన్నాను. "కారు పంపిస్తామండీ" అంది. ఇక మోకాళ్ళ మాట ఎత్తడానికి లేకపోయింది. వెళ్ళాను. బడిలో మా కాలపు పెంకుటి గదులు పోయి డాబాలొచ్చాయి. వేదిక మీద బల్ల నిండా రంగు కాగితాలు చుట్టిన స్టీలు కంచాలు, టిఫిన్ డబ్బాలు. ఒరియా మేష్టరొకాయన పేర్లు చదువుతుంటే పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి, నా చేతిలోంచి డబ్బా లాక్కున్నంత పని చేసి, దండం పెట్టడం మరిచిపోయి వెనక్కి పరిగెత్తారు. అది మాత్రం నాకు చాలా నచ్చింది. దండాలు నేర్చుకోవడానికి ముందు ముందు బోలెడు రోజులున్నాయి.

అంతా అయ్యాక పంతులమ్మ మైకు దగ్గరికి వెళ్ళి, "మన బడిలో ఎప్పుడో మద్రాసు వాళ్ళ పాలనలో ఇలాగే నెల్లాళ్ళు పోటీలు పెట్టేవారట. ఒక ఏడాది అన్నిట్లోనూ ఒక్క విద్యార్థే మొదటివాడిగా వచ్చాడు. ఆయనే వీరు. ఆ నెల సంగతులు వారి నోటితో విందాం" అంది. లేచాను. మైకు కీచుమంది. ముందు వరసలో పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. "బాగా చదువుకోండి, బాగా ఆడుకోండి" అని కూర్చున్నాను. అంత చిన్న ఉపన్యాసం వాళ్ళెప్పుడూ విని ఉండరు. చప్పట్లతో కప్పు ఎగిరిపోయింది. కారులో తిరిగి వస్తుంటే పంతులమ్మ మెల్లిగా, "ఒంట్లో బాగాలేదాండీ? ఆ నెల గురించి చెబుతారనుకున్నాం" అంది. బాగానే ఉందమ్మా అన్నాను. ఆ పిల్లలకు చెప్పే మాట కాదది. ఇక్కడ చెబుతాను. నా మొత్తం బతుకులో నేను అన్నిటికన్నా ఎక్కువ గెలిచిన నెల, ఎక్కువ నవ్విన నెల, అదే. ఆ నెలంతా మా అయ్య లేడు. రంగంలో చచ్చిపోయి ఉన్నాడు. ఆ సంగతి మా ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు.

మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. ఇప్పటి పిల్లలకు ఆ పేరు చెబితే నాటకం ఆడే చోటు అనుకుంటారు. మాకు మాత్రం అది సముద్రానికి అవతల ఉన్న ఊరు. మా మగవాళ్ళందరూ ఉండే ఊరు. గోపాల్‌పూర్ దగ్గర పొగ ఓడ దూరంగా లంగరేసి నిలబడేది. పడవల్లో జనాన్ని ఓడ దగ్గరికి చేరవేసేవారు. బియ్యం మిల్లుల్లోకీ, రేవు పనుల్లోకీ మేస్త్రీలు కూలీలను పోగుచేసి తోలుకుపోయేవారు. మా అయ్య ఎర్రయ్య పేరుకు చేపలు పట్టే పల్లెకారివాడే గానీ, అతనికి సొంత పడవ లేదు. ఒకరి పడవ మీద ఎన్నాళ్ళు తెడ్డు వేసినా అది ఒకరి పడవే కదా. అతను వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. పడవలో కాలు పెట్టినవాడల్లా మళ్ళీ దిగి, తడిసిన పంచెతో నా దగ్గరికి వచ్చి, నా తలమీద చెయ్యి పెట్టి కాదు, నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుని, "ఒరే అప్పల్సామీ, సదువుకో. నువ్వీ పడవ ఎక్కకూడదు. ఎక్కినావంటే నా మీదొట్టే" అన్నాడు. పక్కనే మా మామ్మ నిలబడి ఉంది. ఆ ఒట్టు నాకన్నా ఆమె ఎక్కువగా విన్నదని నాకు తర్వాత తెలిసింది.

మామ్మ అంటే అయ్య తల్లి, లచ్చమ్మ. బరంపురం ఊరి చివర, హల్దియాపదర్‌లో మా తాటాకిల్లు. కోడి కూతకే లేచి గంప నెత్తిన పెట్టుకుని సముద్రపొడ్డుకు నడిచిపోయేది. నెత్తళ్ళూ కవ్వళ్ళూ లాంటి చిన్న చేపలు కొని తెచ్చి పెరట్లో ఈతాకు చాపల మీద ఎండబెట్టేది. ఎండినవి మళ్ళీ గంపకెత్తి బరంపురం వీధుల్లో ఒరియాలో కేక వేసుకుంటూ అమ్మేది. "సుఖువా నేబొ, మా!", ఎండు చేపలు కొంటారా అమ్మా, అని ఆమె వీధి మొదట్లో కేకేస్తే వీధి చివర పిల్లులు లేచి కూర్చునేవి. నోరు పెద్దది. తిట్లు తెలుగులో ఒక రకం, ఒరియాలో ఇంకో రకం. ఎవరికేది బాగా తగులుతుందో చూసి వాడేది. ఇక చుట్ట. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. మా పల్లెల్లో ఆడవాళ్ళందరూ అలాగే కాల్చేవారు. ఎండు చేపల కంపు, చుట్ట కంపు కలిసి మామ్మ దగ్గర ఒక వాసన ఉండేది. పొరుగువాళ్ళు ముక్కు మూసుకునే ఆ వాసనలోనే నేను నిద్రపోయేవాణ్ణి. మా అమ్మ పైడమ్మ దీనికంతటికీ ఎదురు. మాట పైకి రాదు. గడపలో కూర్చుని వల అల్లేది. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా గాజులు. అయ్య రంగం నుంచి మనిషి చేత పంపిన గాజులు కూడా అందులో ఉండేవి. వల అల్లుతుంటే అవి గలగలమనేవి. అమ్మ ఎక్కడుందో తెలుసుకోవడానికి చూడక్కరలేదు, వింటే చాలు.

రంగం వెళ్ళినవాడి కంచం మా ఇళ్ళలో బోర్లించరు. రోజూ సాయంత్రం చింతపండు పెట్టి తోమి, గోడకు నిలబెడతారు, ఆ పూట వచ్చి తింటాడేమో అన్నట్టు. అయ్య ఇత్తడి కంచం తోమే పని మామ్మది. అమ్మను ముట్టుకోనిచ్చేది కాదు. "నా కొడుకు కంచం, నీకేటి పని" అని ఎకసెక్కంగా అనేది. అమ్మ మూతి తిప్పుకునేది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ తగువంటే అంతే, అంతకుమించి ఎరగం.

ఇప్పుడు పోటీల మాట. మా హెడ్మాస్టరు, మేమంతా పంతులు బాబు అనేవాళ్ళం, బక్కగా, పొడుగ్గా, తలపాగాతో ఉండేవాడు. ఏటా ఇన్‌స్పెక్టరు దొర వచ్చే ముందు నెల్లాళ్ళు బడిలో పోటీలు పెట్టేవాడు. పరుగు, బంతి విసరడం, నీతిపద్యాలు ఒప్పజెప్పడం, తోటపని, జిల్లా పటం గియ్యడం, ఆఖరున దొర ఎదుట నోటి లెక్కలు. మొత్తం మీద మొదటివాడికి హైస్కూల్లో జీతం కట్టక్కరలేని సీటు ఇప్పిస్తానని ఆ ఏడాది మాటిచ్చాడు. మిగతా పిల్లలకు అదొక ముచ్చట. నాకు కాదు. నా బడి ఆ ఏటితో ఆఖరు. అప్పటికే రంగం మేస్త్రీ మా గడపలోకి వచ్చి, "కుర్రోడు ఎదిగేడు కదా పైడమ్మా, వచ్చే ఓడకి తండ్రి దగ్గరికి తోలీ. ఇద్దరి కూలీ వస్తాది" అని అమ్మ చెవిలో వేసి వెళ్ళాడు. అమ్మ వల అల్లుకుంటూనే ఉంది. మామ్మ మాత్రం వీధి మలుపు దాకా వెంటబడి తిట్టింది. కానీ తిట్లతో హైస్కూలు సీటు రాదని ఆమెకూ తెలుసు. ఉంటే సీటు, లేకపోతే ఓడ. నాకు ఇంకో దారి లేదు.

పరుగు పోటీ అయింది. మొదటివాణ్ణి నేనే. ఆ మర్నాడు మామ్మ సముద్రం నుంచి గంప లేకుండా వచ్చింది. ఎండ నడినెత్తి మీదుంది. వచ్చి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో కూలబడింది. "గంపేదే మామ్మా?" అని నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముట్టుకోకురా. జరం కాస్తన్నాది" అంది. అమ్మ మిరియాల కషాయం కాచి తెస్తే, "కిందెట్టీ. నేన్తీసుకుంటాను" అంది. గంప సముద్రపొడ్డునే వదిలేసిందని, ఎవరో తెలిసినవాళ్ళు తరవాత తెచ్చి ఇచ్చారు. మామ్మ గంప వదిలేసిందంటే ఆ జ్వరం మామూలుది కాదని అందరం భయపడ్డాం.

జరిగిందేమిటో ఆమె తర్వాత చెప్పింది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. ఆ ఉదయం రంగం ఓడ వచ్చింది. పడవల్లో దిగినవాళ్ళలో దూరపు పల్లెవాడు గడ్డెయ్య ఉన్నాడు, అయ్యతో ఒకే మిల్లులో పనిచేసినవాడు. మామ్మను చూడగానే ఇసకలో కూలబడి ఏడ్చాడు. జ్వరం తగిలి ఎర్రయ్య పోయాడనీ, తామే మోసి తగలబెట్టామనీ చెప్పాడు. మామ్మ ఏడవలేదట. "గడ్డెయ్యా, ఈ మాట నువ్వు నాకే సెప్పినావు కదా. మా ఊరు రాకు. నీ ఊరు నువ్వెల్లిపో. నీకు దండవెడతాను" అని అతన్ని అటునుంచి అటే పంపేసింది.

ఎందుకో చెప్పాలి. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. దూరదేశంలో పోయినవాళ్ళ మైల, ప్రాణం పోయిన రోజు నుంచి పట్టదు. కబురు చెవిన పడిన రోజు నుంచి పడుతుంది. విన్నవాళ్ళకే పడుతుంది. వినంతవరకు ఇల్లు ఇల్లే, బొట్టు బొట్టే. విన్నాక మాత్రం పెద్దకర్మ అయ్యేదాకా గడప దాటకూడదు, పిల్లవాడు పలక ముట్టకూడదు, నలుగురిలోకి రాకూడదు. మామ్మ విన్నది. అమ్మా నేనూ వినలేదు. ఆ మైలంతా మామ్మ ఒక్కతే తన మీద వేసుకుంది.

మర్నాడు ఆమె బడి దగ్గరికి వచ్చింది. గేటు బయటే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, పంతులు బాబుకు దూరం నుంచి దండం పెట్టింది. నేను పక్కనే ఉన్నాను.

"పంతులు బాబూ, ఒక్క మాట. మద్దిలో పిల్లోడికి ఏటైనా అడ్డమొచ్చి నాలుగు దినాలు రానేకపోతే, ఆ పోటీ మల్లీ పెడతారేటి?"

"పెట్టరమ్మా. రానివాడు వెనకబడ్డట్టే. అందరికీ ఒకటే రూలు."

"జరమొచ్చినా?"

"జ్వరమొచ్చినా అంతే."

"ఇంట్లో సావొచ్చినా?"

పంతులు బాబు చెవులు మూసుకున్నాడు. "శుభమా అని పిల్లలు పోటీలాడుకుంటుంటే చావేమిటే, నీ నోరు మండా! నీ మనవడు బాగానే ఆడుతున్నాడు, వెళ్ళు."

"తప్పయిపోనాది బాబూ" అని మామ్మ వెళ్ళిపోయింది. నా స్నేహితులు ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. మామ్మ నోటికి అడ్డూ ఆపూ లేదని ఊరందరికీ తెలిసిందే కదా.

ఆ సాయంత్రమే మామ్మ మొక్కు మాట బయటపెట్టింది. "గంగమ్మకి మొక్కినాను. మనవడు పోటీల్లో నెగ్గి సీటు తెచ్చుకునీదాకా చుట్ట ముట్టను. ఒంటిపూటే తింటాను, నా కూడు నేనే ఒండుకుంటాను. నన్నెవులూ ముట్టుకోకండి" అంది. తలకు నూనె పెట్టడం మానేసింది. పెరట్లో నేలమీద పడుకునేది. పిడత పొయ్యి మీద గుప్పెడు నూకలు తానే ఉడకేసుకుని తినేది. ఇదంతా ఏమిటో మా వాడలో ఏ ముసలమ్మ చూసినా కనిపెట్టేయాలి. చావింట్లో మనిషి ఉండవలసిన తీరదే. కానీ ఎవరూ కనిపెట్టలేదు. కళ్ళెదురుగా పోటీలున్నాయి, మనవడున్నాడు, మొక్కుందని ఆమే చెప్పింది; ఇంక ఎవరికి అనుమానం వస్తుంది? పైగా మెచ్చుకున్నారు. "లచ్చమ్మ చుట్ట మానేసిందటే!" అని వాడ వాడంతా బుగ్గలు నొక్కుకుంది. చేపల మీదా తిట్ల మీదా బతికిన మనిషి మనవడి కోసం సన్యాసినైపోయిందన్నారు.

ఆ కబురు బడిదాకా పాకింది. పంతులు బాబు ఒకరోజు క్లాసులో నన్ను లేపి నిలబెట్టి, "వీడి నాయనమ్మను చూడండిరా. చదువు రాని మనిషి. మనవడి చదువు కోసం పొగాకు విడిచిపెట్టింది. మీ ఇళ్ళల్లో మీ కోసం ఎవరైనా ఏమైనా విడిచిపెట్టారా?" అన్నాడు. క్లాసంతా నన్ను చూసింది. నాకు ఒళ్ళు పొంగిపోయింది. ఆ రోజు నీతిపద్యాల పోటీలో ఒక్క మాట తప్పు పోకుండా ఒప్పజెప్పాను. మామ్మ మొక్కు పనిచేస్తోందనుకున్నాను. బంతి విసరడంలో మొదటివాణ్ణి. తోటపనిలో నా మడిలో ఆనపతీగ పందిరెక్కింది. ఇంటికొచ్చి వీధిలోంచే అరిచేవాణ్ణి, "మామ్మా, నెగ్గేను!" అని. ఆమె పెరట్లోంచి, "నెగ్గినావా నా తండ్రీ! మీ అమ్మకి సెప్పు, మీ అమ్మకి సెప్పు" అనేది. దగ్గరికి రానిచ్చేది కాదు. ఆమె దగ్గర చుట్ట వాసన లేకపోవడం నాకు కొత్తగా ఉండేది, నిద్ర సరిగా పట్టేది కాదు. గెలుపు కోసం ఆ మాత్రం ఓర్చుకోవాలనుకున్నాను.

అయ్య కంచం తోమే పని కూడా ఆ నెలలో అమ్మకు వచ్చింది. "మొక్కులో ఉన్నాను, నువ్వే తోమమ్మా" అంది మామ్మ. అమ్మ ఎంత మురిసిపోయిందో! చింతపండు దండిగా వేసి, గాజులు గలగలలాడుతుంటే, కంచం తళతళలాడేదాకా తోమి గోడకు నిలబెట్టేది. నిలబెట్టి, కాస్త వెనక్కి జరిగి చూసుకునేది. నన్ను పిలిచి, "మీ అయ్య వొస్తే అడగాల, మీ అమ్మ బాగా తోమిందా, నాయినమ్మ బాగా తోమిందా అని" అని నవ్వేది. మామ్మ ఆ వేళకు పెరట్లో అటు తిరిగి కూర్చునేది. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికన్నా ఓర్చుకోలేని సంగతి అదే. ఆ ముసలిదానికి ప్రతి సాయంత్రం ఆ గాజుల చప్పుడు వినక తప్పలేదు.

ఒక ఆదివారం మామ్మ నన్ను సముద్రానికి తీసుకువెళ్ళింది. గంగమ్మకు ముద్దలెయ్యాలంది. దారి పొడుగునా ఆమె ముందూ నేను వెనకా. ఆ మనిషి దారిలో ఎవరినీ పలకరించలేదు, ఎవరినీ తిట్టలేదు. ఒడ్డున తను స్నానం చేసి, నన్నూ ముంచి, తడిబట్టలతోనే మూట విప్పింది. నువ్వులు కలిపిన అన్నం. ముద్దలు చేయించింది నా చేతనే. ఒకటి ఇసక మీద కాకులకు పెట్టించింది. మిగతావి చేతికిచ్చి, సూర్యుడు వచ్చే దిక్కు చూపించి, "అటేపు ఇసురు" అంది.

"గంగమ్మ అటేపుంటాదేటే?"

"అటేపే ఉంటాది. దూరంగా ఎల్లాల. బాగా ఇసురు."

బంతి విసరడంలో మొదటివాణ్ణి కదా, నేను రెండడుగులు వెనక్కి వేసి, పరిగెత్తి, చెయ్యి తిప్పి విసిరాను. ముద్ద అలలు దాటి పడింది. "సూసేవా ఎంత దూరమెల్లిందో! బడిలో ఎవుడూ ఇంత దూరం ఇసరనేడు" అన్నాను. మామ్మ రెండు చేతులూ నేలకు ఆనించి ఇసకలో చతికిలబడిపోయింది. "ఎల్లింది నాయినా. బాగా ఎల్లింది. అందీసుంటాది" అంది. ఒడ్డున కాకి ముద్ద ముట్టేదాకా ఆమె లేవలేదు. ముట్టాక లేచి చీర పిండుకుంది. మా అయ్యకు కొడుకు చేతి ముద్ద అలా అందింది. అది తెలియక నేను దారంతా బడి కబుర్లు చెబుతూ నడిచాను.

పటం పోటీ నాడు గంజాం జిల్లా చూడకుండా గీశాను. పురుషోత్తంపూర్, కొడల ఉన్నచోట చుక్కలు పెట్టాను. సముద్రంలో మాత్రం ఎవరూ చెప్పకుండానే ఒక పొగ ఓడ బొమ్మ వేసి, దాని ముక్కు గోపాల్‌పూర్ వైపు తిప్పాను, ఇంటికి వస్తున్నట్టు. పంతులు బాబు ఓడలు పటంలో ఉండకూడదన్నాడు. అన్నా మొదటిది నాకే ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు దొర వచ్చాడు. నోటి లెక్కలు అడిగాడు. అవీ అయిపోయాయి.

బహుమతుల రోజున అమ్మ ఎర్రంచు చీర కట్టుకుంది. మల్లెపూలు పెట్టుకుంది. బొట్టు రోజూకన్నా పెద్దది దిద్దుకుంది. ఆడవాళ్ళ వైపు చాప మీద ముందు వరసలో కూర్చోబెట్టారు. మామ్మ కంచె బయట, ఎవరికీ తగలకుండా నిలబడింది. నా పేరు పిలిచారు. సీటు మాట దొర తన నోటితో చెప్పాడు. చేతికి ఒక ఇత్తడి చెంబు ఇచ్చాడు. నేను దాన్ని పట్టుకుని తిన్నగా కంచె దగ్గరికి పరిగెత్తాను. అది మామ్మ మొక్కు వల్ల వచ్చిందని నాకు తెలుసు కదా! ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "నాకు కాదురా. మీ అమ్మ సేతికియ్యి. పూలెట్టుకుని కూకున్నాది సూడు, ఎల్లు" అంది. కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆనందమనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు.

తెల్లవారాక, అమ్మ గడపలో వల పట్టుకుని కూర్చున్నప్పుడు, మామ్మ ఎదురుగా వచ్చి నిలబడి చెప్పేసింది. మెత్తగా చెప్పడం ఆమెకు రాదు. "ఒలే పైడమ్మా, ఎర్రయ్య పోనాడే. పోటీలు మొదలైనప్పుడే కబురొచ్చింది." అన్నాక, అన్నాళ్ళూ దాచుకున్న ఏడుపు ఆ మనిషి గొంతులోంచి ఎలా వచ్చిందో నేను రాయలేను. అమ్మ ఏడవలేదు. వల పక్కన పెట్టింది. గోడకు నిలబెట్టిన కంచం వైపు చూసింది. తలలో వాడిన నిన్నటి పూలు చేత్తో తీసి చూసుకుంది. అప్పుడు అంది, ఎప్పుడూ పైకి రాని ఆ గొంతుతో.

"నలుగురిలో పూలెట్టించి కూకోబెట్టినావు కదే అత్తా. నా మొగుడు సచ్చిపోతే నన్ను ఏడవనియ్యనేదు. నీ కొడుక్కి నువ్వు అన్నాళ్ళూ ఏడ్సుకున్నావు. నా ఏడుపేదీ?"

"ఏడుపెక్కడికి పోతాదే? బతుకంతా ఉంటాది. సీటు పోతే మల్లీ రాదు. ఆడు ఒట్టేయించుకుని ఎల్లినాడే, పిల్లోడు ఓడెక్కకూడదని."

"నాకు సెప్పుంటే నేను దాసనా?"

"నువ్వు దాస్తావే. నీ గాజులు దాస్తాయేటి?"

అమ్మ కంచం తీసి బోర్లించింది. గాజులు తరువాత ఎవరో పెద్దముత్తయిదువులు, మొగుళ్ళు పోయిన ముసలమ్మలు, వచ్చి పగలగొట్టారు. ఇల్లు ఒక్కసారిగా చప్పుడు లేకుండా పోయింది.

ఆ తరవాత చాలా ఏళ్ళు అమ్మ మామ్మతో సూటిగా మాట్లాడలేదు. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు, ఒకే చాప మీద చేపలు ఆరబెట్టారు. మాట మాత్రం నా మీదుగా నడిచింది. "ఒరే, గంజి అయిందని మీ మామ్మకి సెప్పు." "ఒరే, వొస్తన్నానని మీ అమ్మకి సెప్పు." మామ్మ మళ్ళీ చుట్ట కాల్చింది. నోరు మాత్రం తగ్గిపోయింది. వాడలో కొందరు ఆమెను తప్పుపట్టారు, మొగుడు పోయిన ఆడదాని చేత ముత్తయిదువ వేషం వేయించింది పాపిష్టిది అని. పంతులు బాబు కబురు విని మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో నిలబడి, "తల్లీ, ఆ రోజు గేటు దగ్గర నువ్వడిగావే..." అని వెనుదిరిగి వెళ్ళిపోయాడు. నేను హైస్కూలుకు వెళ్ళాను. ఓడ ఎక్కలేదు. ఇవాళ ఈ కాగితాల మీద నాలుగక్షరాలు రాస్తున్నానంటే ఆ ముసలిదాని మొండితనం వల్లే. అలాగని అమ్మ అడిగింది తప్పని నేననను. ఇప్పటి పిల్లలకు పోటీలో ఓడితే ఇంకో పోటీ ఉంటుంది, ఈ బడి కాకపోతే ఇంకో బడి ఉంటుంది. అందుకు నాకు సంతోషం. వాళ్ళ టిఫిన్ డబ్బాల వెనక ఎవరూ ఏడుపు మింగుకుని నిలబడక్కరలేదు. ఒక్కోసారి అనిపిస్తుంది, అసలు ఆ సీటుకు అలాంటి రూలు పెట్టిన లోకాన్ని కదా అమ్మ తిట్టవలసింది అని. కానీ లోకం గడపలో కూర్చుని ఉండదు. అత్త ఉంటుంది.

కాలం గడిచింది. మా జిల్లా మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వెళ్ళిపోయింది. నేను మేష్టరు ట్రైనింగు కోసం విజయనగరంలో ఉన్నాను. ఆఖరి పరీక్షలు. అవి తప్పితే ఉద్యోగం లేదు. మామ్మ మంచం పట్టిందని అంతకుముందు తెలుసు. నేను బయలుదేరేటప్పుడు తనే, "ఎల్లి రాసిరా. నేనెక్కడికీ పోను" అని చుట్ట నోట్లో పెట్టుకునే అంది. పరీక్షలు ముగించి రైలెక్కి బరంపురంలో దిగి, మధ్యాహ్నపు ఎండలో నడుచుకుంటూ హల్దియాపదర్ చేరాను. దారిలో మా వాడవాళ్ళు కనబడినా ఎవరూ పలకరించలేదు, ముఖాలు తిప్పుకున్నారు. అమ్మ వాకిట్లో ఉంది. తలకు నూనె లేదు. పెరట్లో పిడత పొయ్యి మీద గుప్పెడు నూకలు ఉడుకుతున్నాయి. మామ్మ మంచం గోడకు నిలబెట్టి ఉంది. నేను ఒక అడుగు ముందుకు వేస్తే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టుకోకు నాయినా. మొక్కులో ఉన్నాను."

ఏ మొక్కని అడగలేదు. అడగవలసిన పని లేదు.

"పరీచ్చలన్నీ అయిపోనాయా?" అంది అమ్మ.

"అయిపోనాయి."

"ఒక్కటీ మిగిలిపోనేదు కదా? అన్నీ రాసేవా?"

"అన్నీ రాసేనమ్మా."

అమ్మ అడ్డం పెట్టిన చెయ్యి దించింది. "అయితే మీ మామ్మ పోనాది. ఇంక ఏడు నాయినా" అంది.